కథ్‌బర్ట్ వెతికిన మాట

ఇంగ్లండులోని డర్హమ్ బొగ్గుగనుల్లో కథ్‌బర్ట్ హారిగన్ లాంటి మొండిఘటం ఇంకొకడు లేడు. గనిలో దిగేవాడికి నిఘంటువుతో ఏం పని, చెప్పండి? గనికార్మికుల సంఘం చదువుల గదిలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

ఆ ఏడు జూలైలో జరిగే కార్మికుల ఊరేగింపుకు, పెద్ద సభకు కరపత్రం రాస్తున్నాం. "ఊరేగింపును పరేడ్ అని రాయండర్రా, దర్జాగా ఉంటుంది," అన్నాను నేను. బ్యాండులో డోలు వాయించేవాణ్ణి కదా, నాకు ఆర్భాటం ఇష్టం.

"దర్జా నీ మొహం! మనమేమన్నా సిపాయిలమా?" అంటూ లేచాడు కథ్‌బర్ట్.

"అయితే ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో చూపించు, పండితుడా!"

అతనికి పంతం వచ్చేసింది. అప్పటికే షిఫ్టు వేళయింది. "ఇవ్వాళ నా బదులు నువ్వు దిగరా, వీడి నోరు మూయించి వస్తా," అన్నాడు తమ్ముడు విల్ఫ్‌తో. విల్ఫ్ నవ్వుకుంటూ వెళ్లాడు.

కథ్‌బర్ట్ వేలు పెట్టి చదివాడు. ఫ్రెంచివాళ్ల దగ్గర తెచ్చుకున్న మాటట. అంతకుముందు స్పెయిన్‌లో, పరుగెత్తే గుర్రాన్ని ఆపడమట. మొదట్లో లాటిన్‌లో సిద్ధం చేయడమట. సిపాయిల బారులు, డాబు అన్నీ తర్వాత వచ్చినవేనట. "చూశావా, అసలు ఇందులో నడకే లేదు!" అని నా వీపు చరిచాడు. అప్పుడే గని కూత మోగింది. పైకప్పు కూలి విల్ఫ్ పోయాడు.

తల్లి హానా కథ్‌బర్ట్‌కు తలుపు తీయడం మానేసింది. రోజూ వెళ్లి కొట్టేవాడు. "అమ్మ ఒక్కసారి తలుపు తీస్తే చాలురా, ఇంకేమీ అడగను," అనేవాడు నాతో.  ఆ పంతం ఎక్కించింది నేనే.

గనిలో ఎవరైనా పోతే ఆ ఏడు సంఘం పట్టుజెండాకు నల్లగుడ్డ కట్టి, ఊరేగింపును ఆ ఇంటి ముందు ఆపుతాం. ఇంటివాళ్లు వచ్చి గుడ్డను తాకాలి. విల్ఫ్ మోసే జెండా కర్రను ఆ ఏడు కథ్‌బర్ట్ పట్టుకున్నాడు. దారిలో నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, నా వెనక ఎవరో అడుగు ఆలస్యంగా వేస్తున్నారు. విల్ఫ్ నడక అంతే కదరా."

"నోర్మూసుకుని నడు," అన్నాను. కానీ నాకూ వినిపించింది. ఒట్టు.

హానా గుమ్మం ముందు ఆగాం. అందరి కాళ్లూ ఆగాక ఇంకో అడుగు పడింది. తలుపు తెరుచుకుంది.

"వచ్చావా విల్ఫూ! ఎన్నాళ్లురా నాయనా!" అంటూ ఆమె కథ్‌బర్ట్ చెంపలు నిమిరింది. ఆమె చూపు బాగానే ఉండేది. "మీ అన్నేడిరా?"

కథ్‌బర్ట్ నా వైపు చూశాడు. 

"అన్న గనిలో పోయాడమ్మా," అన్నాడు.

ఆమె నల్లగుడ్డను తాకింది. "పోనీలే. నువ్వొచ్చావు, నాకదే చాలు," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

ఆమె పోయేదాకా, పదకొండేళ్లు, ఆ గుమ్మంలో మేమంతా అతన్ని విల్ఫ్ అనే పిలిచాం.