సరోజనమ్మ గారు బాగుచేసిన రంపం

మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే, ఆయిల్ కలిపిన పెట్రోలు కాలిన పొగ గుప్పున తగిలింది. రోడ్డు పక్కన ఎవరో మిషన్ రంపంతో కొమ్మలు కొడుతున్నారు. సరోజనమ్మ గారు గుర్తొచ్చారు. ఆమె గుర్తొస్తే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు అయోమయమే.

నల్గొండ పల్లె నుంచి వచ్చి అల్మాస్‌గూడలో కిరాయికుంటూ, వనస్థలిపురం ఇళ్లల్లో చెట్లు కొట్టి బతికేవాణ్ని. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. నా రంపం పాతది. పొద్దున బాగానే స్టార్టయ్యేది. వేడెక్కాక, నేను చెట్టు మీదుండగానే ఆగిపోయేది. దిల్‌సుఖ్‌నగర్ సందులో చిన్న ఇంజన్లు బాగుచేస్తారని విని వెళ్తే, కళ్లద్దాల పెద్దావిడ స్క్రూడ్రైవర్ పట్టుకుని బయటికొచ్చారు. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లయిందట. భర్త పోయాక షాపు ఆవిడే నడుపుతున్నారు.

"ఏమేం చేశావు దీన్ని?" అన్నారు.

"ప్లగ్గు మార్చిన, కార్బరేటర్ కడిగిన. కాయిల్ పోయిందేమో అమ్మా."

"అన్నీ ఒకేసారి కెలికితే తప్పెక్కడుందో ఎలా తెలుస్తుంది బాబూ? ముందు దాన్ని ఆగనివ్వు."

ఆ రోజు అరగంట నడిపినా అది ఆగలేదు. "నా ముందు ఆగలేదు కాబట్టి నాకు తెలియదు," అని తిరిగిచ్చేశారు. తెలియదని చెప్పిన మెకానిక్‌ను నేను చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత పని లేని రోజుల్లో కూడా వెళ్లేవాణ్ని. ప్లగ్గు రంగు చూసి ఇంజన్ సంగతి చెప్పడం, ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్‌కూ పక్కన తిరిగే చక్రానికీ మధ్య సందు సరిచూడటం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఓ రోజు మా కాలనీవాళ్లు వచ్చి, రేపు విజయవాడ రోడ్డు బంద్ చేయాలి, ఎండిన చెట్టొకటి కొట్టి అడ్డం వేయాలి అన్నారు. నాకూ ఉత్సాహమే. కానీ ఆ మధ్యాహ్నమే రంపం మళ్లీ మొరాయించింది. సరోజనమ్మ గారి దగ్గరికి పరిగెత్తాను.

"రేపు బంద్ కదా, పనెక్కడ?"

"వనస్థలిపురంల ఒక సారింట్ల," అన్నాను. ఆమె మొహం చూడలేకపోయాను.

ఈసారి రంపం ఆమె ముందే ఆగింది. వేడి మీదే ప్లగ్గు ఊడదీసి, ఇంజన్‌కు ఆనించి తాడు లాగారు. ప్లగ్గులో మెరుపు రాలేదు. ఆఫ్ స్విచ్ వైరు పీకి మళ్లీ లాగితే నీలంగా మెరిసింది. "కాయిల్ బాగానే ఉంది. ఈ వైరు తొడుగు అరిగి, వేడికి మెత్తబడి ఇంజన్‌కు తగులుతోంది, స్విచ్ ఆఫ్ చేసినట్టే," అని కొత్త వైరు వేశారు. మిషన్ చేతికిస్తూ, "మా అక్క తెనాలి నుంచి రాత్రి బస్సుకు బయల్దేరుతోంది. బంద్ మొదలయ్యేలోపే దిగుతుంది. ఇక్కడ గుండె డాక్టరుకు చూపించాలి," అన్నారు.

ఆ బస్సొచ్చేది విజయవాడ రోడ్డు మీదే. వద్దు, రానియ్యకండి అనాలన్నా, నా అబద్ధం బయటపడుతుంది. డబ్బులిచ్చి వచ్చేశాను.

తెల్లవారి రంపం ఒక్క లాగుడుకే స్టార్టయింది. చెట్టు రోడ్డు మీద పడింది. జనం జై కొట్టారు, నేనూ కొట్టాను. గంట తర్వాత, అక్కకు ఎదురు ఎప్పుడు వెళ్లారో గానీ, ఆగిన బస్సుల వైపు నుంచి సరోజనమ్మ గారు ఒక ముసలావిడను పట్టుకుని మెల్లగా నడిచొస్తున్నారు. నా చేతిలో రంపం చూశారు. దగ్గరికొచ్చి ఆగారు.

"వేడెక్కాక ఆగిందా?"

"ఆగలే అమ్మా."

"మంచిది," అన్నారు. అక్క చెయ్యి పట్టుకుని, కొమ్మలు దాటించి వెళ్లిపోయారు.

వారం తర్వాత వెళ్తే ఎప్పటిలాగే టీ పోశారు. అక్క కులాసాగానే ఉందన్నారు. ఆ రోజు ఊసెత్తలేదు. కొన్నాళ్లకు షాపు మూసి తెనాలి వెళ్లిపోయారు. అక్కను చూసుకోవడానికా, మా గొడవలకు విసిగా, పక్కషాపు వాళ్లూ చెప్పలేకపోయారు. 'మంచిది' అన్న ఆ ఒక్క మాటలో కోపముందని నా భార్య అంటుంది. మన బాధ ఆవిడకు అర్థమైందని మా కాలనీవాళ్లు అంటారు. నాకు ఒకరోజు అలా, ఒకరోజు ఇలా అనిపిస్తుంది. నిజం చెప్పినా రంపం బాగుచేసి ఇచ్చేవారేమో. ఆ అవకాశం ఆమెకు నేనే ఇవ్వలేదు.