అందరి రెండో ఓటూ ఆయనకే

డబ్లిన్ శివారులో ఒక నియోజకవర్గం ఉంది. దాని ఎన్నికల చరిత్ర నాకు మా వంశ చరిత్ర కంటే బాగా తెలుసు. మా ముత్తాత పేరు అడిగితే నాన్నకు ఫోన్ చేయాలి. అక్కడ పదే పదే చివరి రౌండులో ఓడి, ఆఖరికి గెలిచినాయన ఎవరి ఓట్లతో గట్టెక్కాడో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా సొంత ఎమ్మెల్యే విషయానికొస్తే, ఫ్లెక్సీ మీద చూసిన మొహం గుర్తు తెచ్చుకోవాలి.

ఇందులో నా దేశభక్తికి వచ్చిన లోటేమీ లేదు, ఇది ఉద్యోగం. హైటెక్ సిటీలో మా టీమ్‌కు ఐర్లాండ్ క్లయింట్ ఒకాయన ఉన్నాడు. అక్కడి పాత ఎన్నికల లెక్కింపులన్నీ రౌండ్ల వారీగా వెబ్‌పేజీలో కనబడాలని ఆయన కోరిక. నమూనాకని ఆ ఒక్క నియోజకవర్గాన్ని మా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం నా కాపురం అక్కడే.

చూడగా చూడగా అదేమంత పరాయి ఊరు అనిపించలేదు. ఒకప్పుడు పొలాలు. తర్వాత ఒకే అచ్చులో పోసినట్టు ఇళ్లు. ఆ తర్వాత అద్దాల ఆఫీసులు, ట్రాఫిక్, అద్దెల మీద ఏడుపు. అక్కడ ఒక్కో నియోజకవర్గానికీ ఒకటి కాదు, కొన్ని సీట్లుంటాయి. జనం పెరిగే కొద్దీ దీని మూడు సీట్లు నాలుగయ్యాయి, తర్వాత అయిదు. ఒకసారి సరిహద్దు మార్చినప్పుడు ఒక పేట మొత్తం పక్క నియోజకవర్గంలోకి పోయింది. దాన్నే నమ్ముకున్న అభ్యర్థికి ఇల్లు ఇటు, ఓటర్లు అటు అయ్యారు. పాపం, ఆ ఎన్నికలో రెండో రౌండు దాటలేదు. ఆయన కోసం నేను నిజంగానే బాధపడ్డాను.

వాళ్ల పద్ధతి వేరు. ఒక్కరికి ఓటేసి ఊరుకోరు. కాగితం మీద ఇష్టమున్న వరుసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తారు. ముందు ఒకటో అంకెలు లెక్కపెడతారు. గెలుపుకు ఇన్ని ఓట్లని ఒక గీత ఉంటుంది. ఎవరైనా దాటితే, ఆ గీతకు పైన మిగిలిన ఓట్లు రెండో అంకె ఉన్నవాళ్లకు పోతాయి. ఎవరూ దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాణ్ని ఇంటికి పంపి, అతని కాగితాలను వాటి మీది రెండో అంకె చూసి పంచుతారు. ఇలా సీట్లు నిండేదాకా. అక్కడ అభ్యర్థులు గడప గడపకూ పోయి, "మొదటిది ఇవ్వలేకపోతే పోనీ, రెండోదైనా వేయండి" అని అడుగుతారని క్లయింట్ ఒకసారి చెప్పాడు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాను.

తెల్లాపూర్‌లో మా గేటెడ్ కమ్యూనిటీకి అయిదు బ్లాకులు, ముగ్గురు సభ్యుల కమిటీ. ఎన్నిక అంటే వాట్సాప్‌లో బొటనవేళ్లు లెక్కపెట్టడమే. ఫ్లాట్లు కాస్త ఎక్కువున్న బ్లాకు మూడు సీట్లనూ ఎగరేసుకుపోయేది. ఈ ఏడాది జనరల్ బాడీలో దీని మీద గొడవయింది. నేను నోరు ఊరుకోక, ఐర్లాండ్‌లో ఇలాంటి పేచీ రాదని, అక్కడ చిన్న గుంపులకూ సీటు దక్కుతుందని అన్నాను. మన దగ్గర సలహా ఇచ్చినవాడికే పని అంటగడతారు. అయిదు నిమిషాల్లో ఈసారి ఎన్నిక ఐర్లాండ్ పద్ధతిలో, నేను ఎన్నికల అధికారిని. మా ఆవిడ ఇంటికొచ్చాక ఒకే మాటంది. "ఆఫీసు పని ఇంటికి తెచ్చుకునేవాళ్లను చూశానండీ. ఇళ్లన్నిటికీ పంచేవాళ్లను మిమ్మల్నే చూడ్డం."

పోటీకి ఆరుగురు దిగారు. బ్లాకుకొకరు చొప్పున అయిదుగురు. ఆరో మనిషి మా బ్లాకులోనే రెండో అంతస్తు పెద్దాయన. ఈ అపార్ట్‌మెంట్లు లేచిన నేలలో కొంత ఒకప్పుడు ఆయనదే. బిల్డరుకు భూమి ఇచ్చి ఫ్లాటు తీసుకున్నాడు. పుట్టిన ఊరు మా కాంపౌండ్ గోడకు అవతలే ఉంది. వెనక గేటు తీస్తే ఊరి గల్లీ. రోజూ సాయంత్రం ఆ గేటులోంచి ఆయన ఈడు దోస్తులు నలుగురు వచ్చి బెంచీ మీద కూర్చుంటారు, లేదా ఈయనే అటుపోయి హోటల్లో చాయ్ తాగి వస్తాడు. మోకాళ్లు పట్టేసిన మనిషి. ఆ గేటు మూస్తే మెయిన్ రోడ్డు మీదుగా ఊరంతా చుట్టి పోవాలి. అంటే ఇక పోడు.

ఆ గేటును మూయాలన్నది మా బ్లాకు నుంచే నిలబడ్డ ఏడో అంతస్తు కుర్రాడి వాగ్దానం. మంచివాడు, సాఫ్ట్‌వేర్, సెక్యూరిటీ అంటే ప్రాణం. బయటివాళ్లు ఎవరు పడితే వాళ్లు వస్తున్నారని అతని దిగులు. ఆ ఎవరు పడితే వాళ్లు ఈ నలుగురు ముసలివాళ్లేనని అతనికి తెలియదు.

గేటు కాపాడుకోవడానికే నిలబడ్డ పెద్దాయన, ప్రచారం ఎలా చేయాలని నన్ను అడిగాడు. ఎన్నికల అధికారిని కనుక సలహా ఇవ్వకూడదన్నాను. పోనీ ఆ దేశంలో ఎట్ల చేస్తరో చెప్పు అన్నాడు. కబుర్లలో భాగంగా రెండో ఓటు అడగడం సంగతి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఒకరి నోటి దగ్గరిది లాక్కోకుండా ఓటు అడగొచ్చని జీవితంలో మొదటిసారి విన్నాడు.

మర్నాటి నుంచి ప్రతి తలుపూ కొట్టాడు. "మొదటిది మీ బ్లాకాయనకే ఏయుండ్రి, నాకేం లేదు. రెండోది జర నాకియ్యుండ్రి." ఇంత సులువైన కోరిక ఎవరు కాదంటారు? అందరూ మాటిచ్చారు. మొదటివీ కొన్ని కావాలని నేను మెట్ల దగ్గర ఆపి చెప్పబోయాను. ఇంతమంది ఉన్నారు, కొన్ని పడకపోతాయా, ఫికర్ చేయకు అన్నాడు.

ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో పోలింగ్. ఫ్లాటుకు ఒక ఓటు. మా ఓటు మా ఆవిడ వేసింది. లెక్కింపు అక్కడే, అందరి ముందూ. కాగితాలు విప్పుతుంటే నా గుండె పొంగింది. ఎక్కడ చూసినా పెద్దాయన పేరు పక్కన రెండు. ఏ బ్లాకు కాగితమైనా సరే, రెండు. ఆ డబ్లిన్ శివారు చరిత్ర మొత్తంలో ఇంత సర్వజనామోదం పొందిన అభ్యర్థి లేడు.

ఒకటో అంకెలు కుప్పలు పోశాం. అయిదు కుప్పలు దాదాపు సమానంగా వచ్చాయి, ఎవరూ గీత దాటలేదు. ఆరో కుప్ప కోసం బల్ల కింద కూడా వెతికాను. లేదు. పద్ధతి ప్రకారం అందరికంటే తక్కువ వచ్చినవాడు ముందు పోవాలి, పోయినవాడికి రాసిన రెండో అంకెలు ఇక ఎవరూ చూడరు. మైకు లేకున్నా అందరికీ వినిపించేలా ప్రకటించాల్సి వచ్చింది. మొదటి రౌండు, పెద్దాయన, సున్నా, ఇంటికి.

ప్రతివాళ్లూ పక్కవాళ్ల మొహం చూశారు. నేను మా ఆవిడను చూశాను. "మిగతావాళ్లు ఆయనకు మొదటిది వేస్తారు కదా అనుకున్నానండీ," అంది మెల్లగా. "ఏడో అంతస్తు అమ్మాయి మొన్న పిండి రుబ్బి ఇచ్చింది. మొదటిది వాళ్లాయనకు వేయకపోతే ఏం బావుంటుంది?"

అప్పుడు నాకో లెక్క తట్టింది. పక్కకు తీసుకెళ్లి పెద్దాయన్నే అడిగాను. మీ ఓటైనా పడాలి కదా, అదేమైంది?

"పిలగాడు ఇంటికచ్చిండు తమ్మీ," అన్నాడు. "కాళ్లు మొక్కి, తాతా నీ ఓటు నాకే అన్నడు. ముఖం మీద లేదని ఎట్లంట? మొదటిది ఆనికే ఏసిన."

"గేటు మూస్తానన్నవాడికా?"

"గేటు ముచ్చట వేరు, ఇంటికచ్చి అడిగింది వేరు."

సోమవారం కాల్‌లో ఈ సంగతి క్లయింటుకు చెప్పాను. తనకు తాను కూడా ఓటేసుకోలేదా అని అడిగాడు. లేదన్నాను. వాళ్ల నియోజకవర్గ చరిత్రలో పిచ్చి పార్టీలవాళ్లు, గోడలకు పోస్టరు కూడా అంటించనివాళ్లు నిలబడ్డారట గానీ, సున్నా ఎవరికీ రాలేదట. సున్నా వస్తే మన పేజీ ఏం చూపిస్తుందో ఒకసారి పరీక్షించమన్నాడు. పరీక్షించాం. ఏమీ చూపించలేదు, ఆగిపోయింది. వారం రోజులు కూర్చుని బాగుచేశాం.

ఏడో అంతస్తు కుర్రాడు గెలిచాడు. కొత్త కమిటీ మొదటి సమావేశంలో మొదటి అంశమే వెనక గేటు. సమావేశానికి ఎవరైనా రావచ్చు. పెద్దాయన వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. కుర్రాడు కాగితం తీశాడు, ఆయన్ను చూశాడు, నీళ్లు తాగాడు. తీర్మానం ఎవరో ఒకరు ప్రతిపాదించాలి. రెండో సభ్యుడు ఫోన్ చూసుకున్నాడు, మూడో ఆవిడ చున్నీ సర్దుకుంది. ఆయనకు సున్నా ఇచ్చిన హాలు అది. ఆ మొహం ఎదురుగా పెట్టుకుని నీ గేటు మూస్తున్నాం అనే ధైర్యం ఎవరికీ చాలలేదు. అంశం వచ్చే నెలకు వాయిదా పడింది. వచ్చే నెల ఆయన మళ్లీ ముందు వరసలో ఉన్నాడు. మళ్లీ వాయిదా.

మొన్న సాయంత్రం గేటు దగ్గర దోస్తులతో కనిపిస్తే, మీరు గెలిచి ఉంటే ఈ తలనొప్పి ఒక్కరోజులో తీరిపోయేది కదా అన్నాను.

"లేదు తమ్మీ, ఓడిపోవుడే మంచిగైంది," అన్నాడు. "కమిటీల కూసున్నంక పిలగాడు వచ్చి, తాతా గేటు మూసే కాగితం మీద జర సంతకం పెట్టవా అంటే నేను పెట్టేటోన్ని గద."

దోస్తులు నలుగురూ అవునన్నట్టు తలలూపారు. తర్వాత అయిదుగురూ చాయ్‌కి గల్లీలోకి నడిచారు.