మునగని నీళ్లు

మా ఆయన రాజలింగం యూనివర్సిటీ క్యాంపస్‌లో సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు. హైదరాబాదులో సముద్రమేమిటని అడగకండి. ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు ఉన్న గాజు తొట్టి అది. పలకలు అతికించి, అంచులకు లప్పం పెట్టి ఆయనే తయారుచేశాడు. విభాగం పేరు మాత్రం రాయను. రాస్తే ఇంకోసారి సంతాప సభ పెడతారని భయం. మొదటి సభలో ఆయన పేరు తప్పు చదివి, రెండు నిమిషాల మౌనాన్ని ఒక్క నిమిషంలో ముగించారు. అందరికీ క్లాసులున్నాయట.

హోదాకు ల్యాబ్ అటెండర్. చేసే పని మాత్రం గ్రీన్‌లాండ్ పక్కన చలికాలం చేసే పని. అక్కడ చలిగాలికి సముద్రపు పై నీరు చల్లబడుతుంది. ఉప్పు ఎటూ ఉంటుంది. రెండూ కలిసి బరువెక్కిస్తే ఆ నీరు కిలోమీటర్ల లోతుకు మునిగిపోతుంది. పోయిన నీటి చోటుకు దక్షిణం నుంచి వెచ్చని నీరు వస్తుంది. ఐరోపాను చలి మరీ కొరకకుండా చూసేది కొంతవరకు ఆ వెచ్చదనమే. ఆ మునక ఆగితే దూర దేశాల వానలూ చలులూ తారుమారవుతాయట. ఇదంతా తార్నాకలోని మా రెండు గదుల ఇంట్లో, చారు గిన్నె ముందు పెట్టుకుని నాకు చెప్పాడు. చారు చల్లారింది. ఏదీ మునగలేదు.

ఒకసారి బందరు తీసుకెళ్లి అసలు సముద్రాన్ని చూపించాను. పది నిమిషాలు చూశాడు. "ఇది పై మూతనే. అసలు పని కిందున్నది," అని బస్‌స్టాండ్ దారి పట్టాడు.

తొంభై అయిదు ఏప్రిల్‌లో విభాగాధిపతి లక్ష్మీనర్సయ్య గారు ఆయన్ని పిలిచారు.

"ఢిల్లీ నుంచి కమిటీ వస్తున్నది రాజలింగం. నీళ్లు మునిగినట్టు చూపిస్తే తొట్టి ఉంటది. లేదంటే పాతసామాన్ల వేలానికి పోతది. ఆ గదిల కంప్యూటర్లు పెట్టుకుంటం."

ఆ రోజు నుంచి మా ఆయనకు అన్నం సయించలేదు. తార్నాకలో పన్నెండు కిలోల రాళ్ల ఉప్పు కొంటుంటే కిరాణా భీమయ్య ఆశ్చర్యపోయాడు.

"ఎన్ని జాడీలు పెడుతున్నవే అన్నా ఆవకాయ?"

"ఒక్కటే జాడీ," అన్నాడు మా ఆయన.

కమిటీ రెండో శనివారాన్నే ఎంచుకుంది. మర్నాడు ఆదివారం చార్మినార్ కూడా పరిశీలించవచ్చు కదా. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు కనుక ఐసు మోసే భాగ్యం నాకు దక్కింది. విభాగంలో ఫ్రిజ్ లేక కాదు. అందులో ఐసు తప్ప అన్నీ ఉండేవి. మా ఆయన చౌరస్తాలో సోడా కొట్టువాడి దగ్గర ఐసుగడ్డ కొని, ఊకలో పెట్టి, గోనెసంచి చుట్టి నా ఒళ్లో పెట్టాడు. స్కూటరు కదిలింది.

"జర పైలం, కరగనియ్యకు."

"ఒళ్లో పెట్టుకున్నది ఐసునయ్యా, పసిబిడ్డను కాదు."

"పసిబిడ్డయితే ఏడ్సి చెప్తది. ఇది చెప్పకుండ పోతది."

మేము ఇంకా ఇల్లు కదలకముందే లక్ష్మీనర్సయ్య గారు వచ్చి తొట్టిని చూశారు. నీళ్లు అంచుకు నాలుగు వేళ్లు తక్కువగా ఉన్నాయి. ఢిల్లీ వాళ్ల ముందు వెలితి కనబడితే విభాగం పరువేం కాను? నిండా పోయమని వాచ్‌మన్ యోహానుకు చెప్పారు. కొత్తగా రంగేసిన గోడ మీద చుక్క పడకుండా, పైపు కొస గాజుకు ఆనించి మెల్లగా వదలమన్నారు. ఆ హెచ్చరిక అనవసరం. మా మంజీర నీళ్ల కుళాయి దారం లావున తప్ప ఎన్నడూ పారి ఎరగదు.

మేము చేరేసరికే కమిటీ కుర్చీల్లో ఉంది. ఆ కంగారులో మా ఆయన నీటి మట్టం చూసుకోలేదు. ఐసు నింపిన రేకు పళ్లాన్ని ఒక చివర నీటికి ఆనించి, పక్కన నీలం సిరా చుక్కలు వదిలాడు. చల్లబడ్డ నీటితో పాటు సిరా కిందికి దిగాలి. దిగలేదు. పైనే పరుచుకుని కూర్చుంది. అయిదు నిమిషాలు. పది. కమిటీ పెద్దాయన గడియారం చూసుకున్నాడు.

"ఏంది రాజలింగం, ఐసు మంచిగ చల్లగ లేదా?" అన్నారు విభాగాధిపతి. ఇంత ప్రశ్న అడగాలంటే కనీసం డాక్టరేట్ ఉండాలి.

మా ఆయన పై నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. తర్వాత చొక్కా చేయి భుజం దాకా మడిచి, అడుగు దాకా ముంచి, మళ్లీ రుచి చూశాడు. ఆయనకది రోజూ అలవాటే. రీసెర్చి పిల్లలు నవ్వుకునేవారు. యోహాను పైకప్పు వైపు చూడసాగాడు.

"పైన చప్పగున్నది, కింద ఉప్పగున్నది సార్. పైన మంచినీళ్లు పడ్డయి. ఎంత చల్లగయినా అవి ఉప్పునీళ్ల కంటె తేలికనే, మూత లెక్క కూసున్నయి. ఉత్తరాన మంచు కరిగి సముద్రం మీద పడ్డా గిట్లనే అయితది. మునుగుడు బంద్."

పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగాడు. అది చూడగానే, "ఎగ్జాక్ట్‌లీ! ముందు ఇదే చూపిద్దామనుకున్నం!" అన్నారు లక్ష్మీనర్సయ్య గారు. ఆ విభాగంలో అంత వేగంగా జరిగిన పరిశోధన మరొకటి లేదు.

మా ఆయన రబ్బరు గొట్టం నోట పెట్టి పీల్చి, పై నీళ్లు నాలుగు వేళ్ల మేర బకెట్లలోకి తీసేశాడు. పళ్లెం మళ్లీ ఆనించాడు. సిరా వదిలాడు. తడిసిన చీరతో నేను గుమ్మంలో నిలబడ్డాను. పళ్లెం కింద నీలం దారమొకటి విడివడి, వంగి, దిగి, అడుగును తాకి పరుచుకుంది. దాని వెంట ఇంకొకటి. అంతమంది ప్రొఫెసర్లు ఒకేసారి మాట్లాడకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే.

తొట్టి నిలిచింది. కమిటీ నివేదిక విభాగాధిపతి దూరదృష్టిని పొగిడింది. మా ఆయనకు మెమో వచ్చింది: అనుమతి లేకుండా తొట్టిలో నీళ్లు పోసినందుకు సంజాయిషీ ఇవ్వాలి.

"పోయించింది ఆయనే కదా! నాలుగు పేజీలు రాస్తా," అని కాగితాలు తీశాను.

"రాస్తే సారు మాట పోతది అరుంధతీ. ఆ కోపం తొట్టి మీద తీర్సుకుంటడు."

"అయితే నువ్వే పోసినవని రాయాల్నా?"

"పోసిన్నని రాయకు. పొయ్యలేదని రాయకు. నేను చెప్పింది రాయి."

చెప్పింది రెండే వాక్యాలు: "తొట్టిలో పై మంచినీళ్లు తీసివేయడమైనది. నీరు మళ్లీ మునుగుతున్నది." కింద సంతకం చేశాడు.

మరో మూడేళ్లు ఏటేటా కొత్త పిల్లలకు ఆ నీలం దారాన్ని చూపించాడు. తర్వాత ఆయన గుండె ఆగింది. పదో రోజు యోహాను ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో రబ్బరు గొట్టం, సగం సిరా బుడ్డి, ఆ సంజాయిషీ ఉన్నాయి. ఆ రెండు వాక్యాల పక్కన, ఎర్ర సిరాతో, విభాగాధిపతి చేతిరాత: "సంతృప్తికరం." ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో మా ఆయన గురించి వాళ్లు రాసిన ఒకే ఒక్క మంచి మాట అది. ఎవరు పోసిన నీళ్లకో.