మట్టికి ఐసు

ఉదయం ఐదున్నరకు రాజమండ్రి కాంప్లెక్సులో నర్సాపురం బస్సు దగ్గర ఉన్నవారు: నేను, నా పరిశోధనకు గైడు అయిన ప్రొఫెసర్ గారు. ఉన్నవి: మట్టి తీసే ప్లాస్టిక్ గొట్టాలు నాలుగు, వాటి మూతలు, సుత్తి, ఖాళీ ఐసుపెట్టె, ప్రొఫెసర్ గారి మెడదిండు. దిండు మాత్రం ఆయనే మోశారు.

కండక్టర్ పెట్టె వైపు చూశాడు. "చేపలకాండీ?"

"మట్టికండి."

"మట్టికి ఐసా! మా ఊరి కాలవగట్టున బోలెడుందండి, ఉత్తినే ఇస్తాం."

సగం బస్సు నవ్వింది. ప్రొఫెసర్ గారు రావులపాలెం దాకా నిద్రపోయారు. అక్కడ ఇడ్లీకి లేచి, మళ్లీ పాలకొల్లు దాకా నిద్రపోయారు.

ఎనిమిదిన్నరకు నర్సాపురం. ఐసు అక్కడే కొనుక్కోవాలి. ఆపైన దొరికే ఐసంతా రొయ్యలకే. ఆటోలో మొగల్తూరు మీదుగా సముద్రంలో కలిసే పాయ ఒడ్డుకు చేరేసరికి పదయింది. పడవ ఏసుబాబుది. రెండేళ్లుగా అతని వలలో పాచి తప్ప ఏమీ పడటం లేదు.

"ఈ పాచి దేనివల్లని వరి రైతుల్నడిగితే రొయ్యల చెరువుల మేత అంటారండి. చెరువులోళ్లనడిగితే పొలాల యూరియా అంటారు. తప్పెవరిదో మీరు తేల్చండి బాబూ, నష్టపరిహారానికి ఆ గుమ్మంలోకే వెళ్లి కూర్చుంటాం."

తేల్చవచ్చు. అడుగుమట్టిలో పేరుకున్న నత్రజని యూరియాదో, రొయ్యల మేతదో ల్యాబ్ చెబుతుంది. షరతు ఒక్కటే, మట్టి చల్లగా చేరాలి. వేడెక్కితే అందులోని సూక్ష్మజీవులు లెక్కంతా మార్చేస్తాయి. ముందు పొలాల మురుగుకాలవ కలిసేచోట రెండు గొట్టాలు నింపాను, తర్వాత చెరువుల తూము దగ్గర రెండు. నడుంలోతు బురదలో నేను సుత్తితో కొడుతుంటే ప్రొఫెసర్ గారు పడవలోంచి "నిటారుగా, నిటారుగా" అన్నారు. ఆయన శాస్త్రీయ సహకారం అంతటితో పూర్తయింది.

గట్టు మీద ఆ చెరువుల యజమాని సత్యంగారు ఎదురొచ్చారు. "మమ్మల్ని పరీక్ష చెయ్యడానికొచ్చినా మీరు మా చుట్టాలేనండి. అన్నం తినకుండా ఎలా వెళ్తారు?"

రొయ్యల ఇగురు, కొరమేను పులుసు, గడ్డపెరుగు. నేనూ బాగానే తిన్నాను. ఏసుబాబును ఎవరూ పిలవలేదు.

బయల్దేరుతుంటే ఒక సంచి వచ్చింది. "మూడు కిలోలేనండి. ముప్పై కౌంటు." అంటే కిలోకి ముప్పై తూగే పెద్ద రొయ్యలు. ప్రొఫెసర్ గారు ఐసుపెట్టె తెరిచి, చోటు కోసం పైనున్న రెండు గొట్టాలు తీసి నా చేతికిచ్చారు. చివర తీసినవే పైన ఉంటాయి కదా.

"సార్, ఇవి తూము దగ్గరివి."

"మట్టికేమవుతుందోయ్? రొయ్యలైతే కుళ్లిపోతాయి."

"ఆయ్, నిజమేనండి," అన్నారు సత్యంగారు.

నా థీసిస్ మీద సంతకం ప్రొఫెసర్ గారిది. గొట్టాలు నా బ్యాగులో పెట్టుకున్నాను. పెట్టెను ఏసుబాబే ఆటోలోకి ఎక్కించాడు. "జాగర్తండి, మా సంగతంతా దీన్లోనే ఉంది."

నాలుగింటి బస్సుకు పొద్దున్న కండక్టరే వచ్చాడు. మూత ఎత్తి చూసి, "ఇదండీ పద్ధతంటే!" అని మెచ్చుకున్నాడు. ప్రొఫెసర్ గారు చిరునవ్వుతో దిండు మీద వాలారు. బ్యాగు నా ఒళ్లో వెచ్చగా ఉంది.

ఇదే పని మీద ఈ దారిన వచ్చేవారు రెండు పెట్టెలు తెచ్చుకోండి, లేదా గైడును ఇంటి దగ్గరే వదిలి రండి. మా రిపోర్టు ఇక పొలాల గురించే మాట్లాడుతుంది.

ఏడింటికి రాజమండ్రిలో దిగాం. చల్లగా చేరినవి: పొలాల వైపు మట్టి రెండు గొట్టాలు, రొయ్యలు మూడు కిలోలు. చెరువుల వైపు మట్టి, సున్నా.