ఇదా, ఇందాకటిదా?

కళ్లద్దాల షాపాయన రోజంతా కంటి పరీక్షలో అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని ఎదుటివాళ్లను అడుగుతుంటాడు. ఎవరైనా తటపటాయిస్తే విసుక్కుంటాడు. షాపు మూశాక మాత్రం ఆయన కాళ్లు వాటంతటవే గిటార్ల దుకాణం వైపు తిరుగుతాయి. అక్కడ గోడకు ఫ్రెట్లు లేని బేస్ గిటారు ఒకటి వేలాడుతుంటుంది. ఇంట్లో ఉన్న పాత బేస్‌కు మెడ పొడవునా వీణ మెట్లలాంటి లోహపు ఫ్రెట్లున్నాయి. వేలు కాస్త అటూ ఇటూ పడినా స్వరాన్ని అవే కాపాడతాయి. దుకాణంలోని దానికి ఆ ఆసరా లేదు, వెంట్రుకవాసి జరిగితే అపస్వరమే. అయినా ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి అది జారే తీరు ఆయన్ను నిలవనివ్వదు. బస్సు కమ్మీ మీద, టీ కప్పు మీద, ఆఖరికి పక్కన పడుకున్న భార్య వీపు మీద కూడా వేళ్లు ఆడుతూనే ఉంటాయి. "కొంటే కొనండి, మానేస్తే మానేయండి. నా వీపును మాత్రం వదిలెయ్యండి," అందావిడ.

నిన్న వెళ్లేసరికి గోడకు మేకు ఒక్కటే ఉంది. "అమ్ముడుపోయిందా?" అన్నాడు. వేళ్లు ఆగిపోయాయి. పరీక్ష వాయిదా పడిన పిల్లాడిలా ముఖం తేటపడింది. "లేదండీ, మీరొస్తారని కొత్త తీగలు వేసి లోపల పెట్టాను. తేనా?" అన్నాడు దుకాణదారు. వేళ్లు మళ్లీ కౌంటరు మీద పరుగెత్తాయి. "అబ్బే, ఇవాళ ఇంట్లో పనుంది," అంటూనే ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.