పళ్లెం పెట్టే సీను

మా కాలనీలో ఆయన్ని ‘రష్యా మాస్టారు’ అనేవాళ్లం. మాస్కోలో పుస్తకాలు తెలుగు చేసే ఉద్యోగం ఆయనది. ఆ దేశం ముక్కలై, దాంతో పాటే ఉద్యోగమూ పోయాక మేడ్చల్‌లో ఇల్లు తీసుకుని, రష్యా నాటక రచయిత ఒకాయన ఆఖరి నాటకాన్ని అనువదిస్తూ కూర్చున్నారు.

ఆ రచయిత రాసిన సినిమాను ప్రభుత్వం ఇరవై ఏళ్లు బయటికి రానివ్వలేదట. ఏ డైలాగు రాసినా థియేటర్ ఊడ్చే ఆవిడకు వినిపించి, ఆవిడ మొహం చిట్లిస్తే కొట్టేసేవాడట. మాస్టారూ అంతే. బస్ డిపో ఎదుట టీకొట్టు అవ్వకు చదివి వినిపించేవారు. బ్యాంకు నుంచి వచ్చాక నేను శుద్ధప్రతి రాసిపెట్టేవాణ్ణి.

చివరి సీనులో, జైలు నుంచి వచ్చిన భర్తతో భార్య అనే ఒక్క మాట నెలల తరబడి కుదరలేదు. పన్నెండోసారి విని అవ్వ నవ్వింది.

“ఏమంటది సారూ? ఏమనదు. పళ్లెం వెట్టి బువ్వ వెడ్తది, గంతే.”

మాస్టారు ఆ మాట మొత్తం కొట్టేసి, ‘భార్య పళ్లెం పెడుతుంది’ అని రాశారు.

“మూలంలో మాట ఉంది కదండీ,” అన్నాను.

“అవ్వ చెప్పింది వింటే ఆయనా కొట్టేసేవాడయ్యా.”

ఆ పేజీకి పన్నెండు శుద్ధప్రతులు రాసిన నాకు ఒళ్లు మండింది. “ఎవరూ అచ్చెయ్యని పుస్తకానికి ఇంత చాదస్తమేమిటండీ!” అని కలం అక్కడే పడేసి వచ్చేశాను.

రెండేళ్ల తర్వాత ఓ మధ్యాహ్నం మళ్లీ ఆ గుమ్మం ఎక్కాను. క్షమించమనడానికి దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. మాస్టారు అప్పుడే భోజనానికి కూర్చోబోతున్నారు. నన్ను చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, రెండో పళ్లెం తెచ్చారు.