మోనప్ప తాత చదివించిన కాగితం

మా చిన్నప్పుడు... నేను ఆరో తరగతిలో ఉండగా, వడ్రంగుల సంఘం షెడ్డులో నన్ను ఒక ఎత్తుపీట మీద నిలబెట్టారు. చుట్టూ మగవాళ్లు. బాడిసలు పక్కన పెట్టి, నేను ఎప్పుడు నోరు తెరుస్తానా అని చూస్తున్నారు.

మా ఊరు అమరచింత దగ్గర. నాగళ్లు, గుంటుకలు, దర్వాజలు అన్నీ ఆ షెడ్డులోనే తయారయ్యేవి. పని చేసుకోవడానికి సొంత చోటు లేని మా నాన్న లాంటి వాళ్లకు అదొక్కటే ఆధారం... అక్కడ అక్షరం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

సంఘానికి పెద్ద మోనప్ప తాత. ఆయనకూ చదువు రాదు. కానీ ఒక పట్టుదల ఉండేది. "కట్టె మీద గీత పడకముందు రంపం పడొద్దు... కాయితం సదవకముందు వేలు పడొద్దు" అనేవాడు.

ఆ రోజు ఊరి పెద్దమనిషి ఒకాయన కాగితం తెచ్చాడు. "షెడ్డుకు కొత్త రేకులు ఏపిస్త. తలా ఒక వేలిముద్ర పెట్టున్రి" అన్నాడు.

"జర ఆగు పటేలా. మా శంకరయ్య బిడ్డ సదువుతది" అన్నాడు తాత. శంకరయ్య అంటే మా నాన్న.

"ఏంది మోనప్పా, గీ పోరితోని నా కాయితం సదివిపిస్తవా? నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకముంది. మంచి ముచ్చటే రాసింటవ్ గదా, అందరం ఇంటం."

వెనక నుంచి ఎవరో "ఆడపిల్లకు సంఘంల ఏం పని?" అని గొణిగారు. తాత అటు తిరిగి, "నీకు సదువొస్తదా? రాదు గదా. మూస్కొని ఇను" అన్నాడు.

చదివాను... కూడబలుక్కుంటూ, తడబడుతూ. 'ఇష్టపూర్వకముగా వదులుకొనుచున్నాము' దగ్గర నాకు అర్థం కాలేదు, ముందుకు పోయాను.

"ఆగు బిడ్డా. ఏం వదులుకుంటున్నమంట? మల్ల సదువు."

మళ్లీ చదివాను. షెడ్డు, దాని కింది స్థలం.

తాత కాగితాన్ని నిదానంగా మడిచి ఆయన చేతిలో పెట్టాడు. "నీ రేకులు నువ్వే కప్పుకో పటేలా" అన్నాడు.

ఏడో తరగతి తర్వాత నన్ను బడి మాన్పించాలని మా నాన్న అనుకుంటే, తాతే ఇంటికి వచ్చి అడ్డుపడ్డాడు. "ఈ పిల్ల సదువు ఆపితే సంఘం కండ్లు పొడిసినట్లే" అన్నాడు. మా వంశంలో మొదట చదువుకున్నది నేనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన వల్లే.

తాత పోయి మూడేళ్లు. ఇప్పుడు సంఘంలో అందరూ చదువుకున్నవాళ్లే. ఇంటర్లు, డిగ్రీలు, చేతిలో పెద్ద పెద్ద ఫోన్లు. మొన్న అదే పటేలు కొడుకు వచ్చి, "షెడ్డు తీసేసి మోనప్ప పేరు మీద హాలు కడతం" అన్నాడట. అందరూ సంతకాలు పెట్టారు. ఇంగ్లీషులో, వంకర్లు తిప్పి మరీ! ఒక్కడు కూడా చదవలేదు...

ఇప్పుడు అక్కడ షెడ్డూ లేదు, హాలూ లేదు. పటేలు కొడుకు దుకాణాలకు పునాది తీస్తున్నారు. మా వాళ్లు రోడ్డు పక్కన చింకి పరదా కింద కట్టెలకు రంద పడుతున్నారు.

నేనిప్పుడుండే నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ చేసి సంఘం అధ్యక్షుణ్ణి అడిగాను. "చదవలేదా అన్నా?"

"అందరు పెడుతున్నరని నేను గూడ పెట్టిన చెల్లె. తాత పేరు మీదనే గదా అని..."

"ఫోన్లో ఫోటో తీసి పంపితే నేను చదివేదాన్ని కదా?"

"ఆడపిల్లవు... దూరముంటవు. నీకెందుకు పరేషాన్ అనుకున్న."

నాకు ఒళ్లు మండిపోయింది. పటేలు కొడుకు మీద కంటే మీ మీదే ఎక్కువ కోపం అన్నా! చదువు రాని తాత, చిన్నపిల్ల చేతనైనా చదివించుకుని మీకు ఆ చోటు నిలబెట్టి ఇచ్చాడు. మీకేమో చదవడానికి తీరిక లేకపోయింది.

వచ్చే వారం తాత వర్ధంతి. ఫ్లెక్సీ కొట్టించారట, నన్ను వచ్చి నాలుగు మాటలు మాట్లాడమంటున్నారు. వస్తాను. కానీ సంఘం అన్నలూ, మీరు దండలు తేవద్దు. మొన్న మీరు సంతకాలు పెట్టిన కాగితం నకలు తీసుకుని రండి. మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా కూర్చుని చదువుదాం... దారేదైనా మిగిలిందేమో చూద్దాం.

అప్పట్లో ఒక్క వేలిముద్ర పడాలంటే పొద్దంతా పట్టేది. ఇప్పుడు పది సంతకాలు చాయ్ చల్లారేలోపు అయిపోతున్నాయి... మీ ఊళ్లో "జర ఆగు, సదవనియ్యి" అనే మనిషి ఇంకా ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి కింద రాయండి.